ఇంటి బార్‌కు షేకర్: రంగు కంటే ముందు అతుకు చూడండి

పానీయాలను ఐసుతో ఊపి కలిపే షేకర్ కొనేటప్పుడు కన్ను ముందు రంగు మీదకే పోతుంది. బంగారు పూత, రాగి పూత, నల్లటి మ్యాట్, సుత్తి దెబ్బల డిజైను. తప్పేం లేదు, హాల్లో అలమారలో నలుగురికీ కనబడే వస్తువు అందంగా ఉండాల్సిందే. కానీ షేకర్ చేసే పనంతా రెండు ముక్కలు కలిసే అంచు దగ్గరే ఉంది. ఆ అతుకు సరిగ్గా కూర్చోకపోతే నిమ్మరసం మోచేతి దాకా కారుతుంది. మరీ బిగుసుకుపోతే చుట్టాలు గ్లాసులు పట్టుకుని ఎదురు చూస్తుండగా మూతతో కుస్తీ పట్టాల్సి వస్తుంది. అందుకే ముందు అతుకు గురించి, తర్వాత సైజు, లోహం, ఆ తర్వాతే రంగు.

ప్రయాణాలకు నీళ్ళు తీసుకెళ్ళే మరచెంబు చూసినవాళ్ళకు ఈ విషయం తేలిగ్గా తెలుస్తుంది. మరచెంబు మూతకు మర ఉంటుంది, తిప్పి బిగిస్తాం, తిప్పి విప్పుతాం. మంచి షేకర్‌కు మర ఉండదు. నున్నటి అంచులో నున్నటి అంచు కూర్చుంటుంది, దాన్ని బిగించేది చల్లదనం. తిరుపతిలో మే నెల సాయంత్రం, గదిలో 35 డిగ్రీలు ఉందనుకోండి. షేకర్‌లో ఉండేదీ ఆ వేడిగాలే. మూత పెట్టి ఊపగానే ఐసు తగిలి లోపలి గాలి కొద్ది సెకన్లలో సున్నా దగ్గరికి చల్లబడుతుంది. లోపలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. అప్పుడు బయటి గాలే రెండు ముక్కలనూ ఒకదానిలోకి ఒకటి నొక్కి పట్టుకుంటుంది. రబ్బరు వాషరు లేకుండానే చుక్క కారని షేకర్లు పనిచేసేది ఇలాగే.

ఇది తెలిస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఐసు లేకుండా ఊపితే ఈ పట్టు రాదు. గుడ్డు తెల్లసొన బాగా నురగ రావడానికి మొదట ఐసు వెయ్యకుండా ఊపే పద్ధతి ఒకటుంది. అప్పుడే చాలామంది షేకర్ చేతిలో విప్పుకుపోతుంది. అది షేకర్ లోపం కాదు. ఆ పదిహేను సెకన్లూ రెండు చేతులతో అతుకును నొక్కి పట్టుకోవాలి.

మర ఉన్న షేకర్లూ దొరుకుతాయి. కారవు, నిజమే. కానీ బెల్లం పాకం, మామిడి గుజ్జు ఆ మరల్లోకి దూరి ఆరితే మూత తెల్లారి కదలదు. కడగడానికి సన్న బ్రష్షు కావాలి. వాటికి మా ఓటు లేదు.

అసలు షేకర్ ఎవరికి కావాలి

విస్కీలో నీళ్ళో సోడానో కలుపుకునే ఇంట్లో షేకర్ కొంటే అది అలమారలోనే ఉండిపోతుంది. నిమ్మరసం, పండ్ల గుజ్జు, పాలు, మీగడ, తెల్లసొన, చిక్కటి పాకం, వీటిలో ఏదైనా ఉంటేనే ఊపాల్సిన పని. రమ్, నిమ్మరసం, పాకం కలిపే డైకిరీ, టెకీలా మార్గరీటా, విస్కీ సవర్ ఈ కోవలోవి. మార్టినీ, నెగ్రోనీ లాంటి వాటిలో పండ్ల రసం ఉండదు గనక ఐసు మీద పొడుగు చెంచాతో తిప్పితే చాలు. ఊపితే గాలి బుడగలు చేరి మసకబారతాయి.

మద్యం ముట్టని ఇంట్లోనూ షేకర్‌కు కావలసినంత పని ఉంది. నన్నారి షర్బత్తు, మామిడి, చల్లటి కాఫీ, పుదీనా మజ్జిగ, అన్నీ షేకర్‌లో వేరే రుచి వస్తాయి. పైన సన్నటి నురగ కడుతుంది, చల్లదనం అంతటా ఒకేలా ఉంటుంది. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. మద్యం ఉన్న పానీయం సున్నా కంటే కిందికి, మైనస్ నాలుగైదు డిగ్రీల దాకా చల్లబడుతుంది. కుల్ఫీ బండివాళ్ళు ఐసులో ఉప్పు వేసేదీ ఇలాంటి కారణానికే. ఉప్పైనా ఆల్కహాలైనా నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. షర్బత్తులో అది లేదు గనక ఎంత ఊపినా సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఆపైన ఐసు కరిగి నీళ్ళు చేరడం తప్ప లాభం లేదు. కాబట్టి మద్యం లేనివాటిని 7, 8 సెకన్లు ఊపితే సరి. మద్యం ఉన్నవాటికి 10 నుంచి 12.

మూడు ముక్కల షేకర్

కాబ్లర్ అంటారు దీన్ని. కింద డబ్బా, మధ్యలో జల్లెడ రంధ్రాలున్న భుజం, పైన చిన్న మూత. 1884లో బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ పేటెంటు తీసుకున్న రూపం ఇది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. మొదటిసారి కొనేవాళ్ళకు సుఖమైనది, వేరే వడకట్టే సాధనం అక్కర్లేదు, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. బహుమతిగా ఇచ్చే షేకర్ దాదాపు ఎప్పుడూ ఇదే.

ఇబ్బందులు మూడు చోట్ల. మొదటిది రంధ్రాలు. చవక రకాల్లో జల్లెడకు ఏడెనిమిది రంధ్రాలే ఉంటాయి, అవీ సన్నవి. నిమ్మరసం, రమ్ వరకు సరే. చిత్తూరు జిల్లాలో ఎండాకాలం ఇంటింటా ఉండేది మామిడి గుజ్జు. బేనీషా గుజ్జు 60 మిల్లీలీటర్లు వేసి ఊపి వంచి చూడండి, నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. ఐసు ముక్కలు కొన్ని రంధ్రాలను మూస్తాయి, గుజ్జు మిగిలినవాటిని పూడుస్తుంది. లోపలికి గాలి పోయే దారి లేక ద్రవం కదలదు. అప్పుడు షేకర్‌ను కొంచెం పక్కకు తిప్పి కుదిపితే ఒకటి రెండు రంధ్రాలు తెరుచుకుంటాయి. అదీ కుదరకపోతే భుజం ముక్క తీసేసి టీ జల్లెడలోంచి పొయ్యాలి. పుదీనా ఆకులు, చింతపండు పులుసు, నానిన సబ్జా గింజలు, ఇవన్నీ ఇదే గొడవ తెస్తాయి. సబ్జా ఎప్పుడూ షేకర్‌లో వెయ్యకండి, గ్లాసులో పోసిన తర్వాత చెంచాతో వేసుకోండి.

రెండోది, బిగుసుకుపోవడం. ఊపిన తర్వాత చిన్న మూత రాదు, లేదా మూత వచ్చి భుజం రాదు. దానికి చాలావరకు మూసే పద్ధతే కారణం. మూత, భుజం రెండూ కలిపి ఒకేసారి డబ్బాలోకి నొక్కేస్తారు. లోపలి గాలి పోవడానికి దారి లేక నలిగి ఒత్తిడి పెరుగుతుంది, మూత పైకి లేస్తుంది, అందుకని ఇంకా గట్టిగా నొక్కుతారు. చల్లబడేసరికి అంతా గట్టిగా పట్టేస్తుంది. సరైన వరస ఇది: చిన్న మూత పక్కన పెట్టండి. భుజం ముక్కను డబ్బాలో కూర్చోబెట్టి అరచేత్తో ఒక్కసారి నొక్కండి, గాలి రంధ్రాల్లోంచి పోతుంది. ఆ తర్వాత మూత పెట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగం బాధ పోతుంది.

అయినా బిగుసుకుంటే టేబులు అంచుకు కొట్టొద్దు. సొట్ట పడిందంటే ఆ అతుకు ఇంక ఎప్పటికీ గుండ్రంగా కూర్చోదు, అక్కడి నుంచే కారుతుంది. ఏ ముక్క బయట ఉందో చూడండి. మూత రాకపోతే మూత బయటి ముక్క, దాని చుట్టూ గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పది సెకన్లు పట్టండి. బయటి ముక్క సాగుతుంది, లోపలిది చల్లగానే ఉంటుంది, కొంచెం తిప్పితే వచ్చేస్తుంది. భుజం రాకపోతే డబ్బా అంచు చుట్టూ అదే గుడ్డ.

మూడోది మూత దగ్గర చెమ్మ. కాబ్లర్‌లో రెండు అతుకులున్నాయి, కాబట్టి కారడానికీ రెండు చోట్లు. ఊపేటప్పుడు ఒక చేతి చూపుడువేలు మూత మీద, మిగతా వేళ్ళు భుజం మీద ఉండాలి, రెండో చెయ్యి డబ్బా అడుగున. అరచేతులతో మొత్తం కావలించుకుంటే ఒంటి వేడికి ఐసు ముందే కరుగుతుంది.

కాబ్లర్ కొంటే జల్లెడ విశాలంగా ఉన్నది, రంధ్రాలు ఇరవైకి తక్కువ కానిది చూడండి. చేతిలో పట్టుకున్నప్పుడు భుజం ముక్క డబ్బాలో కనీసం ఒక సెంటీమీటరు లోతు దిగాలి. అంచు మీద అలా ఆనినట్టు ఉంటే వద్దు.

రెండు టిన్నుల షేకర్

బార్లలో పనిచేసేవాళ్ళ చేతిలో ఎక్కువగా కనబడేది బోస్టన్ షేకర్. పెద్ద టిన్ను సుమారు 830 మిల్లీలీటర్లు, చిన్న టిన్ను సుమారు 530. రెండూ లోటాల్లాంటివే, మూతలు లేవు, రంధ్రాలు లేవు, మెలికలు లేవు. చిన్నదాన్ని పెద్దదాని మీద కొంచెం వంకరగా బోర్లించి అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే కూర్చుంటుంది.

మామిడికి, చింతపండుకు, అల్లానికి ఇదే సరైనది. నోరు వెడల్పు గనక చెయ్యి పెట్టి తోమొచ్చు, గుజ్జు ఎక్కడా ఇరుక్కోదు. ఏ రెండు కంపెనీల టిన్నులైనా కలుస్తాయనుకోకండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా అతుకు చెడుతుంది. జతగా అమ్మేవే తీసుకోండి.

చిన్న టిన్ను బదులు గాజు గ్లాసు వచ్చే రకం ఉంది. లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, ఫోటోలకు బాగుంటుంది. ఇంటికి మాత్రం వద్దంటాం. మందపాటి గాజు చల్లబడడానికే ఐసులో కొంత ఖర్చయిపోతుంది. తడి చేతిలో జారితే వంటగది నేల మీద ముక్కలవుతుంది. బిగుసుకున్నప్పుడు కొట్టి విప్పాలన్నా భయమే. రెండూ స్టీలువే మేలు.

విప్పడం నేర్చుకోవాలి, అంతకు మించి ఇందులో కష్టమేమీ లేదు. వంకరగా కూర్చున్న రెండు టిన్నుల మధ్య ఒక పక్క గోడలు కలిసి ఉంటాయి, ఎదుటి పక్క సందు ఉంటుంది. పెద్ద టిన్ను కిందికి ఉండేలా పట్టుకుని, సందు మొదలయ్యే చోట, అంటే కలిసిన పక్కకూ పూర్తి సందుకూ సరిగ్గా మధ్యలో, పెద్ద టిన్ను అంచు మీద అరచేతి మడమతో ఒక్క దెబ్బ. టక్ మని విప్పుకుంటుంది. కలిసిన పక్క మీద ఎన్నిసార్లు కొట్టినా చెయ్యే నొప్పి. ముందు నీళ్ళు, ఐసు వేసి సింకు మీద పదిసార్లు సాధన చెయ్యండి, చుట్టాల ముందు మొదలుపెట్టకండి. ఊపేటప్పుడు చిన్న టిన్ను మీ వైపు ఉండాలి. పొరపాటున విప్పుకున్నా ఎదుటివాళ్ళ బట్టల మీద పడదు.

దీనికి వడకట్టే సాధనం విడిగా కొనాలి. చుట్టూ స్ప్రింగు ఉన్న చపటా జల్లెడ, హాథార్న్ స్ట్రెయినర్ అంటారు. స్ప్రింగు చుట్లు దగ్గరగా ఉంటే ఐసు పొడి కూడా ఆగుతుంది. మామిడికి స్ప్రింగును వెనక్కి లాగి సందు పెంచి పోసుకోవచ్చు, అదే కాబ్లర్ ఇవ్వలేని సౌకర్యం. స్ట్రెయినర్‌కూ ఒక టీ జల్లెడకూ అయ్యే ఖర్చు షేకర్ ధరకు ముందే కలిపి లెక్క వేసుకోండి.

అడుగున బరువు పెట్టినవి, పెట్టనివి అని రెండు రకాలు. బరువున్నది టేబుల్ మీద నిలకడగా నిలుస్తుంది, చేతికి పట్టు బాగుంటుంది. కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. అడుగు భాగాన్ని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ఏదైనా కదిలినట్టు శబ్దం వస్తే ఆ అడుగు సరిగ్గా అతకలేదు. కడిగిన నీళ్ళు ఆ పొరలోకి దూరుతాయి, కొన్నాళ్ళకు తుప్పు వాసన వస్తుంది, లోపలి నీరు చుక్కలుగా గ్లాసులో పడుతుంది. ఇంటికి తెచ్చాక కూడా నీళ్ళలో ముంచి చూడండి, అడుగు అంచు నుంచి బుడగలు వస్తే వాపసు ఇచ్చెయ్యండి.

పారిసియన్, ఇంకా అలంకారపు రకాలు

అందంలో అందరికంటే ముందున్నది పారిసియన్ షేకర్. రెండే ముక్కలు, రెండూ లోహం, మధ్యలో ఒక్క నున్నటి గీత, పైభాగం గంట ఆకారం. కాబ్లర్ సొగసు ఉంది, బోస్టన్ లాగా లోపల రంధ్రాలు లేవు. కానీ వీటిలో అతుకు చాలా బిగుతుగా తయారుచేస్తారు, అందుకే చల్లబడ్డాక అన్నిటికంటే మొండికేసేదీ ఇదే. వంకరగా కూర్చోదు గనక కొట్టి విప్పే సందు కూడా ఉండదు, మెలితిప్పుతూ లాగాలి. అలమారలో ఒకే ఒక్క వస్తువు అందంగా నిలబడాలి, నెలకు రెండు మూడుసార్లు వాడతాం అనుకునేవాళ్ళకు ఇది మంచి ఎంపిక. పెద్ద చేతులు, ఓపిక ఉండాలి.

అమెరికాలో 1930లలో షేకర్లు అలంకార వస్తువులుగా వెలిగాయి. 1936లో నేపియర్ కంపెనీ తెచ్చిన వెండి పూత పెంగ్విన్ షేకర్ ఇప్పటికీ సేకరణదారులు వెతుక్కునే వస్తువు, దాని ముక్కులోంచే పానీయం పోస్తారు. ఆ రూపాలకు నకళ్ళు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెంగ్విన్లు, కోడిపుంజులు, ఆకాశహర్మ్యాలు. గోడ అలమారకు ముచ్చటగా ఉంటాయి. వాటి సన్నటి ముక్కులోకి బ్రష్షు పోదు, పాలు, గుజ్జు పోస్తే వాసన పడుతుంది. చూడ్డానికి కొనుక్కోండి, పనికి వేరేది ఉంచుకోండి.

రెండు గోడల థర్మోస్ రకం షేకర్లు చేతికి చలి తగలకుండా ఉంటాయని అమ్ముతారు. ఆ సౌకర్యమే ఇక్కడ నష్టం. షేకర్ బయట ముందు చెమట పట్టడం, తర్వాత తెల్లటి మంచు పొర కట్టడం, వేళ్ళు జివ్వుమనడం, ఇవే పానీయం సిద్ధమైందని చెప్పే గుర్తులు. రెండు గోడలుంటే ఆ గుర్తు ఏదీ బయటికి రాదు. జిమ్‌లో వాడే ప్లాస్టిక్ షేకర్ మజ్జిగకు సరే. నిమ్మతొక్క, అల్లం, నన్నారి వాసనలు ప్లాస్టిక్‌ను వదలవు.

ఎంత సైజు

డబ్బా మీద రాసిన 500 లేదా 750 మిల్లీలీటర్లు నిండా పోస్తే పట్టేది. ఊపడానికి ఖాళీ కావాలి. ఒక లెక్క చూడండి. రమ్ 60, నిమ్మరసం 25, పాకం 20, మొత్తం 105 మిల్లీలీటర్లు. రెండు గ్లాసులకు 210. దానికి ఫ్రిజ్ ట్రే ఐసు పది పన్నెండు ముక్కలు, దాదాపు 200 మిల్లీలీటర్ల చోటు. కలిపితే 410. ఇది 500 షేకర్‌లో పడుతుంది గానీ ఐసు కదలడానికి చోటు చాలదు, సరిగ్గా చల్లబడదు. కాబట్టి 350 ఒక్కరికే. 500 అంటే ఒకరికి హాయిగా, ఇద్దరికి ఇరుగ్గా. ఇద్దరు ముగ్గురికి 700 నుంచి 830 కావాలి. లీటరు షేకర్ తీసుకుని ఒక్క గ్లాసు చెయ్యబోతే ఐసు పలచగా చిందరవందరై త్వరగా కరుగుతుంది, రుచి నీళ్ళ పాలవుతుంది. మీరు ఎక్కువగా చేసే గ్లాసుల సంఖ్యకే కొనండి, ఎప్పుడో వచ్చే పదిమందికి కాదు.

మన ఎండల్లో ఐసు గురించి కూడా చెప్పాలి. మంచి షేకింగ్‌లో తయారైన పానీయంలో పావు నుంచి మూడో వంతు ఐసు కరిగిన నీరే ఉంటుంది, అది అవసరం కూడా, లేకపోతే ఘాటు గొంతు పట్టుకుంటుంది. కానీ తిరుపతి ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసి ఐదు నిమిషాలు బయట ఉంచిన ఐసు అప్పటికే తడిసి ఉంటుంది. ఆ తడి అంతా అదనపు నీరు. షేకర్ ముక్కలను ముందు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. ఐసును ఆఖరున, ద్రవాలన్నీ పోసి సిద్ధంగా ఉన్నాక తియ్యండి, పైన తేలిన నీళ్ళు వంపేసి వెయ్యండి. చేపలకూ పెళ్ళిళ్ళలో నీళ్ళ డ్రమ్ములకూ అమ్మే దిమ్మె ఐసు తాగే పానీయంలో వద్దు.

లోహం

నోట్లోకి పోయే వస్తువు గనక 304 స్టీలు అడగండి, 18/8 అని కూడా రాస్తారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ అని దాని అర్థం. 201 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ధర తక్కువ, కానీ నిమ్మరసం, ఉప్పు తగిలేచోట త్వరగా చుక్కలు పడుతుంది. స్టీలు సామాన్ల కొట్లలో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోకపోతే మంచిదంటారు. ఆ పరీక్ష సగమే నిజం. నికెల్ లేని 430 రకాన్ని అది పట్టిస్తుంది, గట్టిగా అంటుకుంటుంది. 201 మాత్రం 304 లాగే అంటుకోదు. మరోవైపు అసలైన 304లో కూడా లాగి మలిచిన అంచుల దగ్గర కొంచెం ఆకర్షణ ఉండొచ్చు. కాబట్టి అయస్కాంతాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా అడుగున ముద్ర, బిల్లులో గ్రేడు, వాపసు సౌకర్యం చూడండి.

రాగి షేకర్ అంటే ముందు లోపలికి చూడాలి. లోపల స్టీలు తెల్లగా కనబడితే నిశ్చింత. లోపల కూడా ఎర్రగా, పూత లేకుండా రాగో ఇత్తడో ఉంటే నిమ్మరసం పొయ్యకూడదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాచకూడదని మన పెద్దవాళ్ళు పెట్టుకున్న నియమం ఇక్కడా అంతే అక్షరాలా వర్తిస్తుంది. పులుపు ఆ లోహాన్ని కరిగించి పానీయంలో కలిపేస్తుంది. నిమ్మరసం చింతపండు కంటే తక్కువేం కాదు.

మందం చేత్తోనే తెలుస్తుంది. డబ్బా నోటి దగ్గర బొటనవేలు, చూపుడువేలితో రెండు పక్కలా నొక్కండి. నోరు కోడిగుడ్డు ఆకారానికి వంగితే వద్దు. ఒకసారి వంకరైన అంచు గాలిని పట్టి ఉంచదు. అంచు చుట్టూ వేలు తిప్పండి, గరుకు తగిలితే పెదవికో చేతికో గాయం. లోపల అతికిన గీత లేకుండా ఒకే రేకును లాగి చేసినది మేలు, గీతలోనే పాకం చేరుతుంది.

రంగు, పూత

ఇప్పుడు రంగు. నునుపైన అద్దంలాంటి స్టీలు మొదటి రోజు అందరికంటే బాగుంటుంది. బోరు నీళ్ళతో కడిగి గాలికి ఆరబెట్టే ఇంట్లో మాత్రం తెల్లటి ఉప్పు మచ్చలు, వేలిముద్రలు అన్నీ దాని మీదే కనబడతాయి. సన్నటి గీతల బ్రష్డ్ ఫినిష్ వాటిని కప్పేస్తుంది. సుత్తి దెబ్బల డిజైను చిన్న చిన్న సొట్టలను కూడా కప్పేస్తుంది, తడి చేతికి పట్టు కూడా ఇస్తుంది. రోజువారీ వాడకానికి మాకు నచ్చేది బ్రష్డ్.

బంగారు, నలుపు, రాగి రంగుల్లో పీవీడీ అని రాసినవి ఉంటాయి. శూన్యంలో లోహపు ఆవిరితో వేసే గట్టి పొర అది, మామూలు ఎలక్ట్రోప్లేటింగు కంటే చాలా కాలం నిలుస్తుంది. పెయింటు వేసిన నల్ల షేకర్లు అంచుల దగ్గర పెచ్చులూడతాయి. తేల్చుకోవడానికి అతుకు చూడండి. రెండు ముక్కలు రాసుకునే ఆ చుట్టు మీద కూడా పెయింటు ఉంటే, ఊపిన ప్రతిసారీ అది రాలి పానీయంలో పడుతుంది. అక్కడ ఒట్టి స్టీలు వదిలేసి మిగతా భాగానికే రంగు వేసినది తెలివైన తయారీ. రాగి రంగు మసకబారిందని ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి రుద్దితే మసకతో పాటు పూత కూడా పోతుంది. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్ళు చాలు.

ఏది కొనాలి

తిరుపతిలో, చిత్తూరులో పెద్ద స్టీలు కొట్లలో కాబ్లర్ దొరకొచ్చు. బరువున్న బోస్టన్ జతలకు చెన్నై, బెంగళూరు హోటల్ సామాన్ల కొట్లు, లేదా ఆన్‌లైన్. కొట్లో అయితే నీళ్ళు 200 మిల్లీలీటర్లు పోయించి బోర్లించి అర నిమిషం పట్టుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువులోపే ఇంట్లో ఐసుతో పది సెకన్లు ఊపి, అతుకు చుట్టూ పొడి కాగితం రుమాలు చుట్టి చూడండి. రుమాలు ఎక్కడ తడిసిందో అక్కడే లోపం. చల్లటి లోహం మీద గాలిలోని తేమ చేరి బయటంతా పలచగా చెమ్మగిల్లుతుంది, దాన్ని కారడం అనుకోకండి. ఒకే చోట ముద్దగా తడిస్తేనే కారినట్టు.

మామిడి, చింతపండు, అల్లం, బెల్లం పాకంతో మన రుచుల్లో కలుపుకోవాలనుకుంటే ఆలోచించక్కర్లేదు: బరువున్న రెండు స్టీలు టిన్నులు, బ్రష్డ్ ఫినిష్, స్ప్రింగు స్ట్రెయినర్. నిమ్మరసం, కాఫీ, షర్బత్తులతో సరిపెట్టుకునే జంటకు 700 మిల్లీలీటర్ల కాబ్లర్, విశాలమైన జల్లెడతో. బహుమతికి, లేదా గది అందానికి పారిసియన్. ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్ళు, మద్యం తగిలిన పాత్ర ముట్టనివాళ్ళు ఉంటే రెండు విడి షేకర్లు పెట్టుకోవడమే మర్యాద. రంగులు వేరుగా తీసుకుంటే పొరపాటు జరగదు, షర్బత్తుకు తెల్ల స్టీలు, రెండోదానికి నలుపు.

తెచ్చిన రోజు దీనితో పరీక్షించండి. నన్నారి పాకం 30 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, నీళ్ళు 60, చిటికెడు ఉప్పు, ఐసు ఆరు ముక్కలు. ఎనిమిది సెకన్లు ఊపి గ్లాసులోకి వడకట్టి, పైన గోలీ సోడా 100 మిల్లీలీటర్లు, నానిన సబ్జా ఒక చెంచా. సోడా ఎప్పుడూ గ్లాసులోనే. షేకర్‌లో వేసి ఊపితే గ్యాసు ఒత్తిడికి అతుకు విప్పుకుని గోడల దాకా చిమ్ముతుంది, పైగా సోడా చప్పబడుతుంది. మద్యంతో చేసుకునేవాళ్ళు బేనీషా గుజ్జు 60, తెల్ల రమ్ 60, నిమ్మరసం 20, బెల్లం పాకం 15తో చూడవచ్చు. బెల్లం, నీళ్ళు సమానంగా కాచి గుడ్డలో వడకట్టాలి. వడకట్టని బెల్లంలోని ఇసుక రేణువులు అతుకు మీద గీతలు పెడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి 21 ఏళ్ళు నిండాలి. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం, అలిపిరిలో వాహనాలు తనిఖీ చేస్తారు. పార్టీ నుంచి వస్తూ సీసాలున్న బార్ సంచిని కారు డిక్కీలో వదిలేసి మర్నాడు అదే కారులో దర్శనానికి బయల్దేరకండి, ముందు రోజే తీసి లోపల పెట్టండి.

వాడిన వెంటనే అరగంటలోపు కడగాలి. నిమ్మరసం, ఉప్పు కలిసి రాత్రంతా ఉంటే 304 స్టీలు మీద కూడా సూది పొడిచినంత గుంటలు పడతాయి, వాటిని ఏం రుద్దినా పోవు. సిలికాన్ వాషరు ఉన్న రకమైతే దాన్ని విడిగా తీసి కడిగి ఆరబెట్టండి, దాని కింద చేరిన పాకమే నల్ల బూజుకు మొదలు. ఆఖరున గుడ్డతో తుడిచి, ముక్కలన్నీ విడివిడిగా పొడి గుడ్డ మీద బోర్లించండి. తడి టిన్నులను ఒకదానిలో ఒకటి దోపి అలమారలో పెడితే, మిగిలిన పాకం జిగురై, పొద్దునకు రెండూ ఒకటే అయి కూర్చుంటాయి.